బొగ్గు సొరుగు

చీకటి గదిలోకి అడుగుపెట్టగానే ఎవరికీ ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడేదాకా ఊరికే కూర్చోవాలి. అదీ ఉద్యోగంలో భాగమే. బయట ఎండ పేలిపోతున్నా సరే, లోపల కిటికీలకు రెండు వరసల నల్లగుడ్డ, తలుపుకు దుప్పటంత మందాన తెర, తెర కింద సందులో కుక్కిన పాత గోనె. ఊరికే కూర్చున్నందుకు జీతమిచ్చే ఉద్యోగం లోకంలో ఇదొక్కటేనని చిలక అంటూ ఉంటుంది. చిలక అన్నది ఆమె అసలు పేరు కాదు. నోరు తెరిస్తే మూతపడదు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమె పక్కన కూర్చునే రెండో ఆమెను అందరూ పిల్లి అంటారు. చీకట్లో ఆమెకు కనపడినట్టు ఆ భవనంలో ఇంకెవరికీ కనపడదని ప్రతీతి. మొదట్లో ఆ పిలుపుకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే తనను కాదేమో అనుకుంటుంది.

పని చెప్పడానికి చాలా తేలిక. గది మధ్య బల్ల మీద ఒక ఇత్తడి పెట్టె. పెట్టెకు ఒక చివర సూక్ష్మదర్శిని బిగించి ఉంటుంది. దాని ముందు, జింకు సల్ఫైడు పూసిన గోరంత గాజుపలక. ఒక కన్ను దానికి ఆనించి, చెయ్యి మీట మీద పెట్టి కూర్చోవాలి. పలక మీద మెరుపు మెరిస్తే మీట నొక్కాలి. పక్కగదిలో కదిలే కాగితం మీద ఒక గీత పడుతుంది. అంతే. కాస్సేపటికే కంట్లో నీళ్ళు తిరుగుతాయి, అప్పుడు లేచి రెండో మనిషికి చోటివ్వాలి. మెరుపు అన్నానని ఆకాశంలో మెరుపు అనుకునేరు. నల్లటి గుడ్డ మీద సూదిమొనతో పొడిస్తే అవతలి వెలుతురు ఎంత కనపడుతుందో అంత. అదీ రెప్పపాటు.

ఉద్యోగంలో చేరిన రోజున పెద్దాయన పిల్లికి అంతా విడమరిచి చెప్పాడు. ప్రయోగశాల ఆయనది, పెట్టె ఆయనది, పేరు ప్రతిష్ఠలు కూడా ఆయనవే. అయినా మీట నొక్కేవాళ్ళకు కూడా కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పే గుణం ఉంది.

"చూడమ్మా, పరమాణువు నడిమధ్యన కేంద్రకం ఉంటుంది. గోలీల కుప్ప అనుకో. దాని మీదికి మనం ఇంకో గోలీ విసిరికొడుతున్నాం. సరిగ్గా తగిలితే కుప్పలోంచి ఒకటి ఎగిరి బయట పడుతుంది. దాన్నే ప్రోటాన్ అంటున్నాం. కుప్పను చూసినవాడు లేడు, గోలీని చూసినవాడు లేడు. అది వచ్చి పలకకు తగిలినప్పుడు ఒక్క మెరుపు, అదొక్కటే సాక్ష్యం. దాన్ని చూసేది నువ్వు. అంటే సాక్షివి నువ్వే."

సాక్షివి అన్నమాట ఆమె మనసులో నాటుకుపోయింది. ఆ రోజునుంచి పనికి వచ్చే ముందు పుస్తకం పట్టుకోదు, ఎండలో తలెత్తి నడవదు, ఉల్లిపాయలు తరగదు. కళ్ళను పసిపిల్లల్ని కాచినట్టు కాస్తుంది.

ఇక పెద్దాయనకు ఒక అలవాటుంది. పెట్టె పక్కన ఆయనే స్వయంగా కూర్చుని సొరుగులు మారుస్తాడు. అగ్గిపెట్టె లోపలి అరంత చిన్న సొరుగులు. ఒకదాంట్లో బొగ్గుబిళ్ళ, ఒకదాంట్లో అల్యూమినియం రేకు, ఇంకోదాంట్లో గాలి నింపిన గొట్టం. అడుగున ఉన్న రేడియం బిళ్ళ నుంచి కంటికి కనపడని ఆల్ఫా కణాలు దూసుకొచ్చి వాటిని కొడతాయి. బిళ్ళకూ సొరుగుకూ మధ్య ఒక మూత ఉంటుంది. సొరుగు మార్చిన ప్రతిసారీ ఆయన పైకే చెబుతాడు. "బొగ్గు పెట్టానమ్మా." "ఇది గాలమ్మా." "ఇప్పుడేమీ రాదు, మూత మూసేశాను." చీకట్లో కూర్చున్న మనిషికి ఎదురుగా ఏముందో చెప్పకపోవడం మర్యాద కాదని ఆయన నమ్మకం. బొగ్గు సొరుగు మాత్రం ఆయన చెప్పకముందే తానే చెప్పుకునేది. లోపలికి తోస్తుంటే కిర్రుమనేది.

లెక్క తక్కువ వచ్చిన రోజున ఆయన విసుక్కునేవాడు కాదు. "కళ్ళు అలిసినట్టున్నాయి. కాసేపు మూసుకుని మళ్ళీ చూడమ్మా" అనేవాడు. ఎక్కువ వస్తే "భేష్" అనేవాడు. భేష్ అన్న తర్వాత కళ్ళు అలిశాయని ఆయన ఎన్నడూ అనలేదు. అందులో తప్పు పట్టడానికేముంది? తల్లి బిడ్డకు ఇంకో ముద్ద కలిపి పెట్టినంత ఆప్యాయంగా అనేవాడు.

ఆ బొగ్గు సొరుగు దగ్గరే వచ్చింది తంటా. బొగ్గు కేంద్రకంలోంచి కూడా ప్రోటాన్లు రాలుతున్నాయని పెద్దాయన లోకానికి చాటాడు. సముద్రం అవతల ఇంకో ప్రయోగశాల వాళ్ళు గాలిలోంచి, అంటే గాలిలోని నైట్రోజన్‌లోంచి, రాలడం నిజమే గాని, బొగ్గులోంచి తమకు ఒక్కటీ కనపడలేదన్నారు. మీ కళ్ళు మంచివి కావని వీళ్ళు, మీ పెట్టె మంచిది కాదని వాళ్ళు. కొన్నాళ్ళు ఇలా జరిగాక, చూసిపోదామని అవతలి నుంచి ఒకాయన వచ్చాడు. గుమ్మం కింద తల వంచితే గాని లోపలికి రాలేని మనిషి. అప్పటికప్పుడే చిలక ఆయనకు పొడుగాయన అని పేరు పెట్టేసింది.

*

వచ్చిన రోజు ఆయన ఏమీ చెయ్యలేదు. చీకట్లో మూలన కూర్చున్నాడు. పెద్దాయన "బొగ్గమ్మా" అన్నాడు, పిల్లి మీట టకటకలాడించింది. "మూత మూశానమ్మా" అన్నాడు, మీట ఊరుకుంది. "భేష్" అన్నాడు. ఆ భేష్ తమకోసం కాక మూలన ఉన్నాయన కోసం అన్నాడని ఇద్దరికీ తెలిసింది.

మర్నాడు పొడుగాయన చాలా మర్యాదగా అడిగాడు. "ఈ పూట సొరుగులు నేను మార్చవచ్చా?"

"దానికేం, నిరభ్యంతరంగా" అన్నాడు పెద్దాయన, పెళ్ళికొడుకు తండ్రిలా కుర్చీలో వెనక్కి వాలుతూ.

పొడుగాయన పెట్టె దగ్గర కూర్చున్నాడు. సొరుగు తీసిన చప్పుడు, పెట్టిన చప్పుడు. తర్వాత ఏ మాటా లేదు. పిల్లి కన్ను అద్దానికి ఆనించి ఎదురుచూసింది. ఇది బొగ్గా, గాలా, ఏమీ లేకపోవడమా? కొత్త ఇంట్లో దీపం లేకుండా నడుస్తున్నట్టు అనిపించింది.

"ఏం పెట్టారండీ?" అంది ఉండబట్టలేక.

"చూసింది చెప్పండి చాలు."

"ఈయన నోట్లో ముత్యాలున్నాయేమోనే, తెరిస్తే రాలిపోతాయని భయం" అంది చిలక, గుసగుసగా అనుకుంటూ గదంతా వినపడేలా.

పిల్లి నవ్వు ఆపుకుని చూసింది. ఒక మెరుపు. నొక్కింది. ఇంకొకటి. నొక్కింది. తర్వాత సొరుగు మారింది. ఈసారి కిర్రుమంది. హమ్మయ్య అనుకుంది. బొగ్గు. ఇది తనకు తెలిసిన దారే. మెరుపులు వచ్చాయి. ఇక్కడొకటి, ఆ అంచున ఒకటి, మధ్యన వెంటవెంటనే రెండు. వేళ్ళు మీట మీద హాయిగా ఆడాయి. ఈ పూట భేష్ అనే మనిషి మూలన ఉన్నా, అనబోయేది తనకు వినపడుతూనే ఉంది.

తెర తీసి వెలుతురులోకి వచ్చేసరికి అందరూ కళ్ళు చికిలించారు. పొడుగాయన పక్కగదిలోంచి కాగితం పట్టుకుని వచ్చాడు. దాన్ని పెద్దాయన చేతికిచ్చి చాలా మెల్లగా ఏదో చెప్పాడు. ఆ చెప్పడంలో గెలిచినవాడి దర్జా లేదు. చావుకబురు తెచ్చినవాడిలా తల దించుకుని ఉన్నాడు. పెద్దాయన కాగితం వంక చూశాడు, తర్వాత పిల్లి వంక చూశాడు.

"బొగ్గు సొరుగు పెట్టినప్పుడు మూత మూసే ఉందటమ్మా" అన్నాడు. "మొదటినుంచి చివరిదాకా మూసే ఉందట."

"మూసి ఉంటే రావు కదండీ" అంది పిల్లి, ఏదో చిక్కుముడి తాను విప్పుతున్నట్టు.

"రావు."

"నేను చూశాను కదండీ మరి."

పొడుగాయన కాస్త ముందుకు వంగి, "దానికి ముందు చూసినవి నిజమైనవేనండీ" అన్నాడు ఓదార్పుగా. "అది గాలి సొరుగు. అప్పుడు మూత తెరిచే ఉంది. అవి అచ్చంగా ప్రోటాన్లే. మీ కళ్ళకు ఏ లోపమూ లేదు."

ఆ ఓదార్పు ఆమెను ఇంకా ముంచింది. అవీ ఇవీ ఒక్కలాగే మెరిశాయి. అదే సూదిమొనంత, అదే రెప్పపాటు. అబద్ధపువి కాస్త మసగ్గా ఉండి ఉంటే, ఇంకో రంగులో ఉండి ఉంటే, పోనీలే అనుకునేది. ఏ తేడా లేదు. అలాంటప్పుడు ఇన్నాళ్ళూ చూసినవాటిలో ఏది ఏమిటి?

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. కొడుకు పోయాక ఆవిడకు కోడలే కొడుకు. ఆవిడ కళ్ళకు పొరలు కమ్మి చాలాకాలమైంది గాని, ఆ మాట ఎవరైనా అంటే ఇల్లు పీకి పందిరేస్తుంది.

"వచ్చావా? మొహం అలా వేలాడేశావేం?" అంది గుమ్మం వైపు తిరిగి.

మొహం ఎలా కనపడింది ఈవిడకు, అనుకుంది పిల్లి. అడుగుల చప్పుడు బట్టి అంటుందని ఆమెకు తెలియనిది కాదు. ఎప్పుడూ నవ్వుకుని ఊరుకునేది. ఈరోజు నవ్వు రాలేదు. కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. అత్తగారి నీలం కప్పు పొద్దున కడిగి బోర్లించిన చోటే, తొట్టి గట్టు మీదే ఉంది. అలమరలో దాని చోటు ఖాళీగా ఉంది.

"అత్తయ్యా, మీ కప్పు ఎక్కడుంది?" అంది ఎందుకో.

"ఎక్కడుండటమేమిటే? అలమరలో, రెండో అరలో. పిడి ఇటు తిరిగి ఉంది. ఇక్కడికి కనపడుతోంటేను!"

ఆవిడ వేలు అలమర వైపే చూపిస్తోంది. గొంతులో బుకాయింపు లేదు, దబాయింపు లేదు. కనపడుతోంది కనక అంటోంది. ఖాళీ అర మీద నీలం కప్పు, పిడి ఇటు తిరిగి, ఆవిడ కంటికి నిజంగానే ఉంది. పిల్లి గట్టు మీద చేతులానించి అలాగే నిలబడిపోయింది. నీళ్ళు పొంగి పొయ్యిలో పడ్డాక గాని కదల్లేదు.

*

మర్నాడు పొద్దున్నే పెద్దాయన తన గదికి పిలిపించాడు. రాత్రంతా నిద్రలేని మొహం. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. అంత మర్యాద చూసి ఆమెకు భయం వేసింది.

"నిన్న నీకు ఒంట్లో బాగాలేదు కదమ్మా?" అన్నాడు.

"బాగానే ఉందండీ."

"జ్వరం ఉన్నట్టుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూశాను." టీ కప్పును సాసరులో అటూ ఇటూ తిప్పాడు. "మధ్యాహ్నం అందరం కూర్చుంటున్నాం. ఆయన అడుగుతాడు. జ్వరంతో కూర్చున్నానని నువ్వు ఒక్కమాట అంటే నిన్నటిది లెక్కలోకి రాదు. మళ్ళీ ఎప్పుడైనా తీరిగ్గా చూసుకోవచ్చు. కాదూ, నేను బాగానే ఉన్నానన్నావనుకో, ఇన్నాళ్ళూ నువ్వు ఇష్టం వచ్చినట్టు మీట నొక్కుతూ కూర్చున్నావని నేను ఒప్పుకోవాలి. అప్పుడు నిన్ను ఉంచడం నా చేతుల్లో ఉండదు."

నేను ఇష్టం వచ్చినట్టు నొక్కలేదండీ అని నోటిదాకా వచ్చింది. మీకు ఇష్టం వచ్చినట్టు నొక్కానేమో అని ఇంకో మాట దాని వెనకే వచ్చింది. అది నిజమో కాదో ఆమెకే తెలియలేదు. టీ తాగకుండా లేచింది.

చీకటి గది బయట వరండాలో చిలక పట్టుకుంది. సంగతి వినగానే రెండు చేతులూ జోడించింది.

"బంగారుతల్లివి, అనెయ్యవే! జ్వరమేగా. ఎవరికి రాదు జ్వరం? నీ ఉద్యోగం ఉంటుంది, నాదీ ఉంటుంది, ఆయన పరువూ ఉంటుంది. నీ సొమ్మేం పోయింది?"

"నాకు జ్వరం లేదే."

"అబ్బో, సత్యసంధురాలు బయల్దేరింది! నిన్నేమో లేనివి ఉన్నాయన్నావు. ఇవాళ లేని జ్వరం ఉందంటే నోరు పోతుందా?"

చిలక కోపంలో అన్నమాటే గాని తూటాలా తగిలింది. నిన్న అన్నది అబద్ధమా? అబద్ధం చెప్పేవాడికి చెబుతున్నట్టు తెలుస్తుంది కదా. తనకు తెలియలేదు. తెలియకుండా చెప్పినదానికి ఏం పేరు పెట్టాలి? వరండా స్తంభానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రెప్పల వెనక చీకట్లో కూడా చుక్కలు మెరిశాయి. కళ్ళు తెరిచేసింది.

మధ్యాహ్నం పెద్దగదిలో అందరూ కూర్చున్నారు. పొడుగాయన కూర్చున్నా పొడుగ్గానే ఉన్నాడు. పెద్దాయనే మొదలుపెట్టాడు. "నిన్న ఈ అమ్మాయికి నలతగా ఉంది. జ్వరంలో కూర్చుని చూసిన లెక్క కనక దాన్ని పట్టించుకోకూడదని నా అభిప్రాయం. ఏమ్మా?"

ఏమ్మా అన్నప్పుడు ఆయన గొంతు కాస్త వణికింది. ఆ వణుకు వినగానే పిల్లికి జాలేసింది. అవును అనేద్దామనుకుంది కూడా. ఆ మనిషి తనను సాక్షివి అన్నాడు. లోకంలో ఇంకెవరూ తనను అంత మాట అనలేదు.

"జ్వరం లేదండీ" అంది.

గదిలో కుర్చీ ఏదో కిర్రుమంది. ఆ చప్పుడుకు ఆమె ఉలిక్కిపడింది. ఆ ఉలికిపాటులోనే సంగతి అర్థమైంది.

"బొగ్గు సొరుగు కిర్రుమంటుందండీ. నిన్న ఆ చప్పుడు విన్నాను. వినగానే మెరుపులు కనపడ్డాయి. కావాలని నొక్కలేదు. నిజంగానే చూశాను. అక్కడేమీ లేదట. లేకపోయినా చూశాను. ఇంతకన్నా ఎలా చెప్పాలో నాకు తెలియదండీ. ఇదివరకు చూసినవి ఎలాంటివో కూడా నాకు తెలియదు."

పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. తలుపు దగ్గర నిలబడ్డ చిలక తప్పుకుని దారిచ్చింది. పొడుగాయన తన కాగితాలు సర్దుకుంటూ, "ఒకసారి మా దగ్గర నేను కూడా పొద్దుటినుంచి భోజనం వేళదాకా ఖాళీ పలక మీద మెరుపులు చూస్తూ కూర్చున్నానండీ" అన్నాడు. "అప్పటినుంచే సొరుగులు మార్చేవాళ్ళు నోరు విప్పకూడదని పెట్టుకున్నాం." ఆ ముక్క వచ్చిన రోజే చెప్పి చావొచ్చు కదా అని చిలక తర్వాత ఇంటిదాకా తిట్టుకుంది.

ఆ సాయంత్రం పిల్లి అత్తగారికి అంతా చెప్పింది. ఉద్యోగం పోయినట్టేనని చెప్పింది. లేనివి కనపడ్డాయని చెప్పింది. అత్తగారు ఎగిరి పడుతుందనుకుంది. ఆవిడ చీరకొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది.

"మరి అలా నలుగురిలో అనేశావా? లేకపోయినా కనపడిందని?"

"అనేశాను."

"నవ్వలేదూ ఎవరూ?"

"లేదు."

ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుంది. "నిన్న కప్పు అలమరలో లేదు కదూ?" అంది. "నీళ్ళు తొట్టి దగ్గరే కప్పులో పోశావు. చప్పుడు విన్నాను." కొంగు మడత వదిలేసి, "నాకేం కనపడట్లేదే అమ్మాయ్. చాలా రోజులైంది" అంది.

పిల్లి లేచి వెళ్ళి ఆవిడ పక్కన నేలమీద కూర్చుంది. ఇద్దరిలో ఎవరు ముందు ఏడ్చారో చెప్పడం కష్టం.

*

తెల్లారి ఆమె ప్రయోగశాలకు వెళ్ళింది, రావద్దని ఎవరూ చెప్పలేదు కనక. చీకటి గదిలో ఎవరూ లేరు. ఎండలోంచి వచ్చింది గనక అలవాటు కొద్దీ గోడవార బెంచీ మీద కూర్చుంది. కళ్ళు కుదుటపడ్డాయి. ఎందుకు కూర్చున్నానా అని లేవబోతుంటే తెర కదిలింది. ఎవరో లోపలికి వచ్చి పెట్టె పక్కన కూర్చున్నారు. గొంతు సవరించుకున్న తీరు పెద్దాయనది.

ఆయన పలకరించలేదు. ఆమె నెమ్మదిగా లేచి ముక్కాలిపీట మీద కూర్చుని, కన్ను ఆనించి, చెయ్యి మీట మీద పెట్టింది. సొరుగు లోపలికి వెళ్ళింది. కిర్రుమనలేదు. ఇంకోటి వెళ్ళింది, అదీ కిర్రుమనలేదు. అన్నీ ఒక్కలాగే మెత్తగా జారుతున్నాయి. చీకట్లో ఎక్కడినుంచో కుట్టుమిషను నూనె వాసన వచ్చింది.

ఆయన ఇప్పుడు చెబుతాడేమోనని ఆమె చూసింది. అమ్మా అని కూడా అనలేదు.

అద్దంలో నలుపు. ఒకచోట ఏదో మెరిసిందనిపించింది. నిజమా? వేలు మీట మీద బిగిసింది, మళ్ళీ వదులైంది. అది కన్నా, మనసా? చూసింది. చూస్తూనే ఉంది. కంట్లో నీళ్ళు తిరిగేదాకా చూసి తల ఎత్తింది.

"ఏమీ కనపడలేదండీ" అంది.

కళ్ళు అలిశాయి, కాసేపు మూసుకుని మళ్ళీ చూడమ్మా, అంటాడని కాచుకుంది. ఆ మాటకు జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఆ మాట రాలేదు. చీకట్లో తడుముకుంటూ కాగితం మీద పెన్సిలు పెట్టిన చప్పుడు వినిపించింది, గుండ్రంగా ఒక్కసారి తిరిగి ఆగింది.